అడిగింది తప్పా ఒప్పా అని, మీరు చెప్పేది ప్రమాదం లేదని: జన్యుమార్పిడి శాస్త్రవేత్తలకు, అనుమతులిచ్చే అధికారులకు బహిరంగ లేఖ

మొక్కల్లో, జంతువుల్లో జన్యుమార్పిడి పరిశోధనలు చేస్తున్న శాస్త్రవేత్తలకు, వాటికి అనుమతులిచ్చే నియంత్రణ సంస్థల సభ్యులకు,

నమస్కారం.

ఏ దేశంలోనైనా ఒక జీఎం (అంటే జన్యుమార్పిడి చేసిన) పంటో జంతువో అనుమతి కోసం వచ్చినప్పుడు మామూలుగా ప్రజల అభిప్రాయం అడుగుతారు. వచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే మాట రకరకాలుగా ఉంటుంది: ఇలా చెయ్యడం తప్పనిపిస్తోంది అని. మీ దగ్గర్నుంచి వచ్చే జవాబు కూడా దాదాపు ప్రతిసారీ ఒకటే: పరీక్షలు చేశాం, ప్రమాదం ఏమీ లేదు అని. అడిగింది ఒకటి, చెప్పింది ఇంకొకటి. ఒక పని తప్పా ఒప్పా అని అడిగినవాళ్లకు, అది తింటే విషం కాదులే అంటే జవాబు చెప్పినట్టు కాదు. పైగా అలా అడిగినవాళ్లకు సైన్స్ తెలియదని, భయపడుతున్నారని రాసి ఫైలు మూసేస్తే అది ఇంకా పెద్ద అన్యాయం.

నేను దేవుణ్ని నమ్మేవాణ్ని. సైన్స్ మీద కూడా నాకు గౌరవం ఉంది. జన్యుమార్పిడిని మొత్తంగా ఆపెయ్యమని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. తప్పొప్పుల ప్రశ్నను మీ అనుమతి ప్రక్రియలోకి రానివ్వండి, దానికి దానిగానే జవాబు చెప్పండి అని అడగడానికి రాస్తున్నాను.

మతం అనగానే మీలో చాలామందికి దేవుడి పనిలో వేలు పెట్టొద్దని అరిచే మనిషే గుర్తొస్తాడు. అలాంటివాళ్లు లేరని అనను. కానీ ఈ విషయంలో మతాలు మీరు అనుకునేదాని కంటే చాలా ఓపిగ్గా, వివరంగా ఆలోచించాయి. ఇన్సులిన్ సంగతే చూడండి. ఒకప్పుడు అది పందుల నుంచి, పశువుల నుంచి తీసిన క్లోమగ్రంథుల నుంచి వచ్చేది. మనిషి ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారు చేసిన మందుకు 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది. పంది పేరు చెబితేనే ఇబ్బంది పడే కోట్లమంది డయాబెటిస్ రోగులకు అది పెద్ద ఊరట. చీజ్ కథ కూడా ఇలాంటిదే. పాలు గడ్డకట్టడానికి వాడే రెన్నెట్ పాలు తాగే దూడల కడుపులోంచి తీసేవారు. దానిలోని కైమోసిన్ అనే ఎంజైమును జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులతో తయారు చెయ్యడానికి 1990లో అనుమతి దొరికింది. శాకాహారులకు అడ్డు తొలగింది. యూదుల కోషర్, ముస్లింల హలాల్ ఆహార ధ్రువీకరణలు ఇచ్చేవాళ్లు కూడా దాన్ని ఒప్పుకున్నారు. జన్యువును కదిలించడమే పాపమని మతాలు అనుకుని ఉంటే ఈ రెండూ జరిగేవి కావు.

యూదుల ధర్మశాస్త్రంలో, లేవీయకాండం 19వ అధ్యాయంలో, వేర్వేరు జాతుల జంతువులను జత కట్టించవద్దని, ఒకే పొలంలో రెండు రకాల విత్తనాలు చల్లవద్దని ఆజ్ఞ ఉంది. జన్యుమార్పిడికి ఇది వర్తిస్తుందా అని వాళ్ల పండితులు చాలాకాలంగా చర్చిస్తున్నారు. నిషేధం జత కట్టించడం మీద, విత్తడం మీద, అంటు కట్టడం మీదే గానీ కంటికి కనిపించని జన్యువు మీద కాదని చాలామంది తేల్చారు. అక్షరం అలా చెప్పినా ఆజ్ఞ వెనక ఉన్న ఉద్దేశం వేరని కొందరు ఇంకా వాదిస్తున్నారు. ఖుర్ఆన్ నాలుగో సూరా 119వ వాక్యంలో అల్లాహ్ సృష్టిని మార్చేలా మనుషుల్ని పురిగొల్పుతానని సైతాను అంటాడు. దాన్ని చూపించి జన్యుమార్పిడిని వద్దనేవాళ్లు ఉన్నారు. ప్రజలకు మేలు జరిగేటప్పుడు అది వర్తించదనేవాళ్లూ ఉన్నారు. ఇండోనేషియా ఉలేమా మండలి 2013లో ఇచ్చిన ఫత్వా మధ్యేమార్గం పట్టింది. మేలు ఉండాలి, హాని ఉండకూడదు, నిషిద్ధమైన వాటి నుంచి గానీ మనిషి శరీరం నుంచి గానీ జన్యువు తీసుకోకూడదు అని షరతులు పెట్టి అనుమతించింది. పర్యావరణం మీద 2015లో రాసిన లేఖలో పోప్ ఫ్రాన్సిస్, జన్యుమార్పిడి మొత్తానికి కలిపి ఒకే తీర్పు చెప్పడం కష్టమని ఒప్పుకున్నారు. అదే లేఖలో చిన్న రైతులు కనుమరుగై భూమి కొద్దిమంది చేతుల్లోకి పోతున్న సంగతి ఎత్తిచూపారు. అవసరం లేకుండా జంతువుల్ని బాధపెట్టడం మనిషి గౌరవానికే తగదన్న పాత బోధనను గుర్తుచేశారు. జైనులకు మొక్క కూడా స్పర్శ తెలిసిన జీవమే. హిందువులకు తీర్పు చెప్పే పీఠం ఒకటంటూ లేదు గానీ, ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రమే ఈ జగత్తంతా ఈశ్వరుడిదని, త్యాగంతో అనుభవించమని, ఎవరి సొమ్మూ ఆశించవద్దని చెబుతుంది. అనుభవించడం తప్పని అనలేదు. ఆశకు మాత్రం హద్దు గీసింది.

ఈ మతాలన్నీ అడుగుతున్నది ఎందుకు చేస్తున్నారని, ఎవరు బాధపడతారని, ఎవరి సొత్తని, ఎక్కడ ఆగుతారని. ఎలుకలకు తొంభై రోజులు తినిపించి చూసినంత మాత్రాన వీటిలో ఏదీ తేలదు.

ముందు జంతువుల సంగతి మాట్లాడతాను. నా మనసు ఎక్కువ కలత పడేది ఇక్కడే.

అమెరికా వ్యవసాయ శాఖకు మేరీలాండ్ రాష్ట్రంలోని బెల్ట్స్‌విల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. 1980లలో అక్కడ మనిషి గ్రోత్ హార్మోన్ జన్యువును పందుల్లో పెట్టారు. తొందరగా ఎదగాలి, కొవ్వు తక్కువ ఉండాలి, ఇదీ కోరిక. అలా పుట్టినవాటిలో 6707 నంబరు పంది గురించి అప్పట్లో చాలా రాశారు. ఒళ్లంతా దట్టమైన బొచ్చు, మెల్లకన్ను, వంకర తిరిగిన కాళ్లు. కీళ్లు పట్టేసి సరిగ్గా నిలబడలేకపోయేది. ఈ ప్రయోగాల ఫలితాలను పరిశోధకులే 1989లో పత్రికలో ప్రచురించారు. పందులు తిన్న మేతను మెరుగ్గా ఒంటబట్టించుకున్నాయి, కొవ్వు బాగా తగ్గింది. దాంతోపాటు కడుపులో పుండ్లు, కీళ్లవాపు, గుండె పెరగడం, చర్మరోగం, కిడ్నీల జబ్బు వచ్చాయి. నిజాయితీగా రాసినందుకు వాళ్లను తప్పుపట్టను. నాకు మింగుడుపడనిది ఇంకొకటి. కొవ్వు తగ్గాలన్నది లక్ష్యం, తగ్గింది. ఆ లెక్క ప్రకారం ప్రయోగం ముందడుగే. లేచి నిలబడలేని ఆ జంతువు బాధ మాత్రం 'దుష్ఫలితాలు' అన్న వరసలోకి పోయింది. ఆ బాధ ఎంత దాటితే ప్రయోగం ఆపాలో ముందే రాసిపెట్టుకోవాల్సిన బాధ్యత ఎవరికి ఉందో మీరే చెప్పాలి.

అది పాత కాలం, ఇప్పుడు జన్యువును కోసి సవరించే క్రిస్పర్ అనే పద్ధతి వచ్చింది, ఎక్కడ కోయాలో అక్కడే కోస్తుంది అంటారు. నిజమే, పనిముట్టు చాలా మెరుగైంది. అది కనిపెట్టిన ఇద్దరు మహిళలకు 2020లో నోబెల్ వచ్చింది. అయితే కొమ్ముల్లేని ఎద్దుల సంగతి కూడా మర్చిపోకూడదు. దూడల కొమ్ములు కాల్చే బాధ తప్పించడానికి, క్రిస్పర్ లాంటిదే అయిన టాలెన్ అనే పనిముట్టుతో జన్యువు సవరించి, కొమ్ములు రాని ఎద్దుల్ని పుట్టించారు. ఉద్దేశం మంచిదే. ఆ పశువుల్లో అనుకోని మార్పులేమీ లేవని మొదట చెప్పారు. 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు జన్యుపటాన్ని మళ్లీ వెతికితే, ఆ ఎద్దులో బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్క కనిపించింది. అందులో యాంటీబయాటిక్స్‌ను తట్టుకునే జన్యువులూ ఉన్నాయి. ఆ శాస్త్రవేత్తలు ఇంకోసారి చూడబట్టే అది బయటపడింది. వాళ్లకు నిజంగా దండం పెట్టాలి. చెట్ల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. తెగులుతో దాదాపు అంతరించిన అమెరికన్ చెస్ట్‌నట్‌ను బతికించడానికి గోధుమ జన్యువు పెట్టి ఒక రకం తయారు చేశారు. ఏళ్ల తరబడి పరీక్షిస్తున్న చెట్లు తాము అనుకున్న రకం కాదని, వేరే రకంతో కలిసిపోయిందని 2023లో తేలింది. మీకు ప్రతిభ లేదని కాదు నేననేది. ఎంత ప్రతిభ ఉన్నవాళ్లకైనా పొరపాటు జరుగుతుంది కాబట్టి తొందర వద్దంటున్నాను.

2025 ఏప్రిల్‌లో పీఆర్‌ఆర్‌ఎస్ అనే వైరస్ జబ్బు సోకని పందులకు ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. జబ్బు రాకపోతే పందికీ మంచిదే కదా అంటారు. ఔను, మంచిదే. అయినా ఒక మాట అడగాలి. వేల జంతువుల్ని ఒకే కప్పు కింద ఇరికించి పెంచే పద్ధతిలో జబ్బులు ఇట్టే అంటుకుంటాయి. మరి షెడ్డును మార్చాలా, జంతువునే మార్చాలా? తత్వవేత్త పాల్ థాంప్సన్ 2008లో గుడ్డికోళ్ల సమస్యను ముందుకు తెచ్చారు. కిక్కిరిసిన చోట చూపున్న కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, పుట్టుకతో గుడ్డివైన కోళ్లకు ఆ ఒత్తిడి తక్కువ. అలాంటప్పుడు గుడ్డికోళ్లనే పెంచడం దయ అవుతుందా? బాధను మాత్రమే లెక్కేస్తే ఔననాల్సి వస్తుంది. కానీ ఆ మాట అనడానికి దాదాపు ఎవరికీ నోరు రాదు. నొప్పి తగ్గించడంతో తీరని బాకీ ఏదో మనం ఆ ప్రాణికి ఉన్నామని లోపల తెలుస్తూనే ఉంటుంది. మతాలు వందల ఏళ్లుగా చెబుతున్నది దాని గురించే.

ఇది చట్టంలోకి రాని విషయమని అనకండి. స్విట్జర్లాండ్ ప్రజలు 1992లో ఓటేసి, జన్యుసాంకేతికత విషయంలో జీవుల గౌరవాన్ని కాపాడాలన్న మాటను రాజ్యాంగంలో చేర్చుకున్నారు. ఇప్పుడది 120వ అధికరణం. అక్కడి జంతు సంరక్షణ చట్టం ప్రకారం నొప్పి లేకపోయినా సరే, జంతువును కించపరిచినా, రూపాన్ని మరీ మార్చేసినా, పూర్తిగా పనిముట్టులా వాడుకున్నా దాని గౌరవానికి భంగమే. సరైన కారణం చూపిస్తేనే ఒప్పుకుంటారు. అక్కడి నైతిక సలహా సంఘం 2008లో మొక్కల గౌరవం మీద కూడా ఒక నివేదిక ఇచ్చింది. దాన్ని చూసి చాలామంది నవ్వారు. నాకు మాత్రం అది బుద్ధిగా కూర్చుని ఆలోచించినవాళ్ల పని అనిపించింది. కారణం లేకుండా మొక్కను పాడుచెయ్యడం తప్పని అందరూ ఒప్పుకున్నారు. మొక్క పునరుత్పత్తి శక్తి, పరిస్థితులకు సర్దుకునే శక్తి చెడనంతవరకు జన్యుమార్పిడి దాని గౌరవానికి విరుద్ధం కాదని ఎక్కువమంది అన్నారు. ఆ ప్రశ్నకు ఇలా నిలకడగా జవాబు చెప్పొచ్చని వాళ్లు చూపించారు.

2003లో ఒళ్లు మెరిసే గ్లోఫిష్ చేపలు అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. అక్వేరియంలో అందంగా ఉంటాయి, అంతకుమించి వాటితో పనిలేదు. ఇవి పారిపోయినా పెద్ద ప్రమాదం లేదని నిపుణులు చెప్పినా, కాలిఫోర్నియా రాష్ట్ర కమిషన్ ఆ డిసెంబరులో అనుమతి నిరాకరించింది. కేవలం ముచ్చట కోసం ఒక ప్రాణి జన్యువులు మార్చడం సరికాదని సభ్యులు బాహాటంగానే చెప్పారు. తర్వాత ఏళ్లలో ఆ ఆంక్ష పోయింది. అయినా తప్పా ఒప్పా అన్న ప్రశ్నకు ఒక ప్రభుత్వ సంస్థ సూటిగా జవాబు చెప్పిన సందర్భం అది. అలాంటివి ఇంకా ఉండాలి.

మరో సంగతి, బహుశా మీకు అన్నిటికంటే వింతగా తోచేది. కొందరికి ఒక మొక్క చుట్టం.

హవాయి దీవుల ఆదివాసులకు చేమ మొక్క పెద్దన్న. ఆకాశదేవుడు వాకియాకు పుట్టిన మొదటి కొడుకు ప్రాణం లేకుండా పుట్టాడు. పాతిపెట్టిన చోట చేమ మొలిచింది. రెండో బిడ్డ మనిషి. అన్న తమ్ముడికి తిండి పెడతాడు, తమ్ముడు అన్నను కనిపెట్టుకుని ఉంటాడు. దుంప తవ్వుకున్నాక పైనున్న కాడను కోసి మళ్లీ నాటుతారు కాబట్టి అదే మొక్క తరతరాలుగా సాగుతూనే ఉంటుంది. 2002లో హవాయి విశ్వవిద్యాలయం ఆకుమచ్చ తెగులును తట్టుకునే మూడు చేమ రకాల మీద పేటెంట్లు తీసుకుంది. అవి మామూలు సంకరంతో వచ్చినవే, జన్యుమార్పిడి కూడా కాదు. అయినా ఆ జనం విశ్వవిద్యాలయం ముందు నిలబడ్డారు. మా అన్న మీద మీకు హక్కేమిటి అన్నారు. 2006 జూన్‌లో విశ్వవిద్యాలయం ఆ పేటెంట్లను వదులుకుంది.

ఈ కథలో మీరు తప్పకుండా చూడాల్సిన ఇంకో ముక్క ఉంది. 1990లలో అదే హవాయిలో రింగ్‌స్పాట్ వైరస్ బొప్పాయి తోటల్ని ఊడ్చేసింది. ఆ దీవుల్లోనే పుట్టిన శాస్త్రవేత్త డెన్నిస్ గొన్సాల్వెస్ బృందం వైరస్ పైపొర జన్యువును పెట్టి రెయిన్‌బో బొప్పాయిని తయారు చేసింది. 1998లో విత్తనాలు రైతులకు ఉచితంగా ఇచ్చారు. పంట నిలబడింది. ఆ బొప్పాయి తోటలున్న హవాయి కౌంటీయే 2008లో జన్యుమార్పిడి చేమను నిషేధించింది. అంటే అక్కడివాళ్లు సైన్స్‌కు భయపడలేదు. బొప్పాయి పంట, చేమ అన్న. రెండింటికీ ఒకే ఫారం నింపితే ఆ తేడా ఎక్కడా కనిపించదు.

న్యూజిలాండ్‌లో మనిషి జన్యువున్న ఆవులను తయారు చేసే పరిశోధన మొదలైనప్పుడు మావోరీలు అభ్యంతరం చెప్పారు. వాళ్ల దృష్టిలో ప్రతి ప్రాణికీ ఒక వంశవృక్షం ఉంది. మనిషి వంశాన్ని ఆవు వంశంలో కలపడం పూర్వీకులకు చేసే అపచారం. అనుమతులు వచ్చాయి, గొడవ కోర్టుకెక్కింది. ఇలాంటి ప్రశ్నలు చర్చించడానికే అక్కడి ప్రభుత్వం 2002లో జీవనైతిక మండలి పెట్టింది. ఇతర జీవుల్లో మనిషి జన్యువులు వాడటం మీద ఆ మండలి జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించింది. 2009లో మండలిని ఎత్తేశారు. ప్రశ్న మాత్రం అక్కడే ఉంది. అమెరికాలో ఒజిబ్వే తెగవాళ్లు తమ పవిత్రమైన అడవి వరి జోలికి రావద్దని చాలాకాలం పోరాడాక, మిన్నెసోటా రాష్ట్రం 2007లో జన్యుమార్పిడి అడవి వరి విషయంలో ప్రత్యేక చట్టం చేసింది. ఈ మూడు చోట్లా జనం మొదట పోరాడాల్సి వచ్చింది, ఆ తర్వాతే వాళ్ల మాట విన్నారు.

పేటెంట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. 1980లో ఆనంద మోహన్ చక్రవర్తి తయారు చేసిన, చమురును తినే బ్యాక్టీరియా మీద పేటెంట్ ఇవ్వొచ్చని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఐదుగురు ఔనన్నారు, నలుగురు కాదన్నారు. తర్వాత హార్వర్డ్ విశ్వవిద్యాలయం క్యాన్సర్ వచ్చేలా మార్చిన ఎలుకకు 1988లో అమెరికా పేటెంట్ ఇచ్చింది. అదే ఎలుకకు కెనడా సుప్రీంకోర్టు 2002లో కాదంది, అదీ ఐదు-నాలుగుతోనే. ఒక ప్రాణి ఎవరి సొత్తన్నది రెండు దేశాల్లోనూ ఒక్క ఓటు తేడాతో తేలింది. ఇంత సున్నితమైన విషయాన్ని ముగిసిన అధ్యాయంలా చూడటం నాకు సరిగ్గా అనిపించదు. మీరు జన్యువును మార్చారు, అది గొప్ప పనే. ప్రాణాన్ని మాత్రం మీరు పుట్టించలేదు. రెండో తరం మొలవకుండా చేసే టెర్మినేటర్ విత్తనాలకు 1998లో పేటెంట్ ఇచ్చినప్పుడు ప్రపంచమంతా తిరగబడింది. వాటిని పొలాల్లోకి తేవొద్దని 2000లో జీవవైవిధ్య ఒప్పంద దేశాలు సిఫారసు చేశాయి. ఆ విత్తనం తింటే ప్రమాదమని ఎవరూ అనలేదు. విత్తనానికి మళ్లీ మొలిచే గుణం లేకుండా చెయ్యడం అధర్మమని మాత్రం అందరికీ అనిపించింది.

ఇక లేబుల్. నమ్మకం ఉన్నవాళ్లు దాన్ని పాటించాలంటే కంచంలో ఏముందో వాళ్లకు తెలియాలి కదా? అమెరికాలో కొందరు మతపెద్దలు, వినియోగదారులు జీఎం ఆహారానికి లేబుల్ పెట్టాలని కోర్టుకెళ్తే, లేబుల్ లేనంత మాత్రాన మతస్వేచ్ఛకు భంగం లేదని 2000లో తీర్పు వచ్చింది. 2022 నుంచి అక్కడ లేబుల్ తప్పనిసరి చేశారు గానీ, శుద్ధిచేసిన నూనె, చక్కెర లాంటి వాటిలో మారిన జన్యుపదార్థం పరీక్షకు దొరకకపోతే మినహాయింపు ఇచ్చారు. జీఎం మేత మేసిన జంతువు మాంసానికి అసలు లెక్కే లేదు. ఇంగ్లాండ్ 2023లో తెచ్చిన చట్టం కింద జన్యుసవరణ (బయటి జన్యువు పెట్టకుండా ఉన్నదాన్నే మార్చడం) చేసిన కొన్ని రకాల ఆహారానికి ప్రత్యేక లేబుల్ అక్కర్లేదు. సంకరంతో కూడా ఈ మార్పు వచ్చి ఉండేది కాబట్టి తేడా లేదన్నది మీ వాదన. తిండిని వస్తువుగా చూస్తే తేడా లేకపోవచ్చు. దాన్ని ఎలా తయారు చేశారన్నది నమ్మేవాడికి ముఖ్యం. కోషర్, హలాల్ నియమాల్లో జంతువును కోసిన పద్ధతి ల్యాబ్ పరీక్షలో కనిపించదు, అయినా దాన్ని గౌరవిస్తున్నాం. దీన్నెందుకు గౌరవించకూడదు?

జీన్ డ్రైవ్, అంటే ఒక జన్యుమార్పు తరతరానికీ జాతి మొత్తానికి పాకేలా చేసే పద్ధతి, దాని విషయంలో నా మనసు నిజంగా రెండుగా చీలింది. 2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు మలేరియా దోమల్లో ఒక జన్యువును దెబ్బతీసి, ఆ మార్పు దాదాపు పిల్లలన్నిటికీ చేరేలా చేశారు. బోనుల్లో పెంచిన దోమలు 7 నుంచి 11 తరాల్లో పూర్తిగా అంతరించాయి. మలేరియా ఏటా 6 లక్షల మందిని చంపుతోంది. వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలో ఐదేళ్లలోపు పిల్లలు. ఆ పిల్లల తల్లి ముందు నిలబడి దోమ కూడా దేవుడి సృష్టే అని నేను చెప్పలేను. ప్రాణం కాపాడటం అన్నిటికంటే పెద్ద ధర్మమని దాదాపు అన్ని మతాలూ ఒప్పుకుంటాయి. 2022 జనవరిలో అమెరికాలో జన్యువులు మార్చిన పంది గుండెను తొలిసారి మనిషికి అమర్చినప్పుడు పందిని నిషిద్ధంగా చూసే యూదు, ముస్లిం పండితుల్లో చాలామంది అభ్యంతరపెట్టకపోవడానికి కారణం అదే. కానీ గుండె ఒక్క రోగికి, అతని సమ్మతితో పెడతారు. జీన్ డ్రైవ్ దోమను ఒకచోట వదిలితే సరిహద్దులు దాటి పోతుంది, వెనక్కి పిలవలేం. ఒక జాతిని తెలిసి తెలిసి తుడిచేసే నిర్ణయం కొన్ని ల్యాబుల్లోనో, ఒక దేశం కమిటీ గదిలోనో జరగకూడదు. ఆ దోమ చేరగల ప్రతి చోటా జనం ముందే తెలుసుకుని, మాట్లాడుకుని, ఔననాలి. ఆలస్యమైతే పిల్లలు చనిపోతారని మీరంటే ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. అయినా అడగకుండా చెయ్యమని మాత్రం అనలేను.

ఆకలి మాట కూడా మీరు ఎత్తుతారు. 2016లో వందమందికి పైగా నోబెల్ గ్రహీతలు జీఎం పంటల్ని, ముఖ్యంగా గోల్డెన్ రైస్‌ను వ్యతిరేకించడం ఆపమని లేఖ రాశారు. విటమిన్ ఎ లోపంతో చూపు పోయే పిల్లల కోసం ఇంగో పొట్రికస్, పీటర్ బేయర్ ఆ వరిని తయారు చేసి ఫలితాలు ప్రకటించింది 2000లో. ఫిలిప్పీన్స్ దాన్ని సాగుకు అనుమతించింది 2021లో. 2024లో అక్కడి అప్పీలు కోర్టు ఆ అనుమతిని ఆపింది. పిల్లల కళ్ల కోసం చేసిన పంట ఇన్నేళ్లు పేచీల్లో నలగడం నాకూ బాధే. అయితే ప్రపంచంలో సాగవుతున్న జీఎం పంటల్లో చాలా భాగం ఏవో మీకు తెలుసు: కలుపుమందును తట్టుకునే, పురుగును తట్టుకునే సోయా, మొక్కజొన్న, పత్తి, కనోలా. అందులో పెద్ద వాటా పశువుల మేతకు, ఇంధనానికి, బట్టకు పోతుంది. ఆకలిగొన్న పిల్లవాడిని ముందు నిలబెట్టి వీటన్నిటికీ అనుమతి అడగడం ఆ పిల్లవాడికి కూడా న్యాయం కాదు. గోల్డెన్ రైస్‌ను గోల్డెన్ రైస్‌గా తూచండి, కలుపుమందు సోయాను కలుపుమందు సోయాగా తూచండి. ఎవరికి, ఎంత అవసరం అన్న ప్రశ్న వేస్తేనే ఆ తూకం కుదురుతుంది. ఆ ప్రశ్న మతాలు వేస్తున్నదే.

మా మతపెద్దలకు కూడా ఒక మాట చెప్పాలి. జన్యువు అంటే ఏమిటో తెలుసుకోకుండా తీర్పులు చెప్పకండి. టమాటాలో చేప జన్యువు పెట్టారట, తింటే చేప తిన్నట్టే అని ప్రచారం చేసినందువల్ల నిజమైన అభ్యంతరాలను కూడా ఎవరూ పట్టించుకోకుండా పోయారు. అలాంటి ప్రయోగం ఒకటి జరిగిన మాట నిజం, ఆ టమాటా మార్కెట్‌కు మాత్రం రాలేదు.

నేను అడుగుతున్నవి మీ చేతుల్లో ఉన్న పనులే. నార్వే 1993లోనే జన్యుసాంకేతిక చట్టంలో ఆరోగ్యం, పర్యావరణంతోపాటు సమాజానికి ఉపయోగం, సుస్థిరత, నైతికత కూడా చూడాలని రాసుకుంది. మీ నిర్ణయపత్రాల్లో కూడా నైతికతకు విడిగా ఒక అధ్యాయం ఉండాలి, అభ్యంతరాన్ని ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు తోసిపుచ్చారో అందులో కారణాలతో రాయాలి. జంతువు విషయంలో ఈ పరిశీలన అది పుట్టాక కాదు, పిండాన్ని తాకకముందే జరగాలి. బాధ ఏ స్థాయికి చేరితే ప్రయోగం ఆపుతారో ముందే చెప్పాలి. బయటికొచ్చిన ఒక్క ఆరోగ్యమైన జంతువు వెనక ఎన్ని పిండాలు, ఎన్ని పిల్లలు పోయాయో ఆ లెక్క కూడా ప్రచురించాలి. డాలీ గొర్రెపిల్ల వెనక 277 ప్రయత్నాలున్నాయని లోకానికి తెలిసిందంటే ఆ శాస్త్రవేత్తలు రాయబట్టే. ఒక మొక్కనో జంతువునో పూజించే, చుట్టంగా చూసే జనం ఉంటే పరిశోధన మొదలుపెట్టకముందే వాళ్ల దగ్గరికి వెళ్లాలి, వాళ్లు వద్దంటే ఆగాలి. జన్యుసవరణ అయినా జన్యుమార్పిడి అయినా ప్యాకెట్ మీద చదవగలిగే అక్షరాల్లో ఉండాలి. మీ కమిటీల్లో విషశాస్త్రం తెలిసినవాళ్ల పక్కన ధర్మశాస్త్రం తెలిసినవాళ్లు కూడా కూర్చోవాలి. వాళ్లకు ఓటు ఉండాలి, వచ్చి విని వెళ్లే అతిథులుగా కాదు.

వీటిలో ఏది కుదరదో, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి. ప్రమాదం లేదన్న మాటను మాత్రం ఈసారి జవాబుగా పంపకండి, ఈ లేఖలో నేనడిగింది అది కాదు.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న ఒక విశ్వాసి